కదలని ముల్లు

"వదినా, మిషను గానీ చచ్చిపోయిందేమో. ముల్లు కదిలితే ఒట్టు," అంది మా ఆడపడుచు, నేల మీద బోర్లా పడుకుని.

జవాబు చెప్పే స్థితిలో లేను నేను. బరువు తూచే మిషను మీద నిలబడి, వంటింటి గుమ్మం పైన బిగించిన చెక్క అంచుకి కుడిచేతి నాలుగు వేళ్ళ కొసలు తగిలించి, ఉన్న సత్తువంతా పెట్టి కిందికి లాగుతున్నాను. నేను లాగిన కొద్దీ మిషను మీద నా బరువు తగ్గాలి. తగ్గినంతా నా వేళ్ళు మోసినట్టు లెక్క. తల వంచి చూస్తే పట్టు సడలుతుంది కాబట్టి ప్రతి ఆదివారం ముల్లు చూసే ఉద్యోగం ఆమెది.

"సరిగ్గా చూడు."

"చూశాను తల్లీ. పోయినవారం ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే. అంతకు ముందు వారం ఎక్కడుందో..."

"ఇక చాల్లే!"

వేళ్ళు వదిలేసి కిందికి దిగాను. "ఈ మిషనే పాడైనట్టుంది," అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడందిట," అని ఆమె లేచి కూర్చుంది. అంతటితో ఊరుకోక, సీలు తియ్యని పిండి బస్తా ఈడ్చుకొచ్చి మిషను మీద పెట్టింది. బస్తా మీద అచ్చేసిన బరువూ, ముల్లు చూపించిన బరువూ ఒక్కటే. "చూశావా? బస్తాకి లేని అనుమానం నీకెందుకు?"

బల్ల దగ్గర కూర్చున్న మా ఆయన పేపరు చాటున నవ్వుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను కొరియర్ ఆఫీసులో కౌంటర్ దగ్గర కూర్చుంటాను. పొద్దస్తమానం పెట్టెలకి టేపు చుట్టడం, అడ్రసు కాగితాలు అంటించడం. నలభై దాటాక, డాక్టరు నడవమంటే, నడక విసుగొచ్చి, మా వీధి చివర కొండలెక్కడం నేర్పడానికి కొత్తగా పెట్టిన హాల్లో గోడలెక్కడం మొదలుపెట్టాను. ఇంట్లో నా పేరు ఆ రోజు నుంచీ బల్లి. అక్కడి కోచ్ నాకంటే చాలా చిన్నది, మాట మాత్రం కరుకు. ఏడాదికొక్కసారి నిజమైన కొండకి తీసుకెళ్తుంది. అయితే ముందు వేళ్ళకి పరీక్ష. నడుముకి ఇనప బిళ్ళ కట్టుకుని, సన్నటి అంచు పట్టుకుని, ఆమె లెక్క పూర్తయ్యేదాకా వేలాడాలి. వేలాడినవాళ్ళు కొండ ఎక్కుతారు, జారినవాళ్ళు కింద సామాన్లకి కాపలా ఉంటారు. కిందటేడు నేను జారాను. పైనుంచి ఒక్కొక్కళ్ళూ అరిచి చెయ్యూపుతుంటే, ఎండలో పది జతల చెప్పులకి కాపలా కాశాను. ఈసారి మాత్రం ఎక్కాలి. వచ్చే ఆదివారమే పరీక్ష.

అందుకే ఈ చెక్క. మా ఆయన వడ్రంగి. కోచ్ ఇచ్చిన కొలతల ప్రకారం గట్టి చెక్క కోసి, గుమ్మం మీద బిగించి, తనే వేలాడి చూసి, "ఏనుగునైనా మోస్తుంది," అన్నాడు. మొదటి వారాల్లో ముల్లు బాగానే దిగింది. తర్వాత మొండికేసింది. వేళ్ళు జారుతుంటే చెమటనుకుని సుద్దపొడి దట్టంగా రాశాను. వంటింట్లో గిన్నెల మీదా, స్టవ్వు మీదా తెల్లటి దుమ్ము. అయినా లాభం లేదు.

హాల్లో కోచ్ ఒకటి రెండుసార్లు, "అక్కా, బాగా ఎక్కుతున్నావ్," అంది. మెచ్చుకోలుకి అంటోందనుకున్నాను. మనుషులు మొహమాటానికి అబద్ధం చెప్తారు గానీ ముల్లుకి మొహమాటమేముంది?

వారానికి రెండు రోజులే వేలాడాలి, మిగతా రోజులు వేళ్ళకి విశ్రాంతి ఇవ్వాలి అని ఆమె చెప్పింది. ముల్లు కదలకపోతే విశ్రాంతేమిటి? పొద్దున పళ్ళు తోముకోగానే ఒకసారి, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పగానే ఒకసారి వేలాడాను. కొన్నాళ్ళకి కుడి ఉంగరపు వేలు మొదట్లో సన్నటి నొప్పి మొదలైంది. సీసా మూత తిప్పితే కలుక్కుమనేది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే చెక్క పీకేస్తారు.

గురువారం ఆఫీసులో కరెంటు పోయి గంట ముందే పంపేశారు. ఇంటికొచ్చేసరికి వంటింటి గుమ్మంలో స్టూలు మీద మా ఆయన. చేతిలో ఉప్పుకాగితం. కూనిరాగం తీస్తూ నా చెక్క అంచుని మెత్తగా, ఒద్దికగా రుద్దుతున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"వచ్చేశావా? ఏం లేదు, అంచు కొంచెం గరుగ్గా ఉంటే..."

"గరుగ్గా ఉంటే?"

"నున్నగా చేస్తున్నాను."

నేను బ్యాగు కింద పడేశాను. "ఇదే మొదటిసారా?"

ఆయన స్టూలు దిగాడు. నా గొంతు విని అర్థమైనట్టుంది, ఏదో కొంప మునిగిందని. "నీ వేళ్ళ మీద ఎర్రగా గీత కనబడినప్పుడల్లా రెండు రుద్దులు రుద్దుతున్నా. రోజూ కాదు."

స్టూలెక్కి చూశాను. కింద నుంచి కనబడని అంచు, నా వేళ్ళు తప్ప ఎవరూ ముట్టని అంచు, చంటిపిల్లల ఉయ్యాల చట్రంలా గుండ్రంగా తిరిగి ఉంది. పట్టుకుంటే వేలు జారి బయటికే పోతోంది.

"ఇది పట్టుకోవడానికండీ, జారుడుబల్ల ఆడుకోవడానికి కాదు!"

"పదునైన అంచు వదిలేస్తే వడ్రంగి పనంటారా దాన్ని? నేను చేసిన వస్తువు నా ఇంట్లో మనిషి చేతినే కోస్తుంటే చూస్తూ కూర్చోనా?"

"కోయాలి! కోస్తేనే కదా నిలిచేది! ఒక్క మాట అడగొచ్చుగా!"

"అడిగితే వద్దంటావని..."

ఆడపడుచు గదిలోంచి వచ్చింది. ఇద్దరి మొహాలూ, ఉప్పుకాగితం చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత తనే అంది: "అంటే వదినా, అంచు జారిపోతున్నా ముల్లు అక్కడే నిలబడిందంటే, నువ్వు పెరుగుతున్నట్టేగా?"

"ఎంత పెరిగానో చెప్పు చూద్దాం."

నాకు ఏడుపొచ్చింది, ఆపుకోవడానికి స్టూలు దిగి, దాన్ని ఎత్తి పక్కన పెట్టబోయాను. కలుక్కుమంది. "అబ్బా!" అనేశాను. మా ఆయన నా చెయ్యి లాక్కుని, రెండు ఉంగరపు వేళ్ళూ పక్కపక్కన పెట్టి చూశాడు. కుడిది ఉబ్బి ఉంది. ఆయన మొహం పాలిపోయింది.

ఆదివారం పరీక్షకి వెళ్ళాను. వేలికి టేపు చుట్టుకున్నాను. టేపు చుట్టడం నాకొకరు నేర్పాలా? కానీ కోచ్ అందరి వేళ్ళూ ముందు నొక్కి చూస్తోంది. నా వంతు వచ్చింది. టేపు విప్పించింది. వేలి మొదట్లో బొటనవేలితో నొక్కింది. నేను పళ్ళు బిగపట్టాను, మొహం మాత్రం నా మాట వినలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నిన్నటి నుంచే."

"అక్కా."

"రెండు వారాలు."

"రోజూ వేలాడావు కదూ?"

అంచు సంగతి మొత్తం చెప్పాను. వెనక నిలబడ్డ కుర్రాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఈసారికి వద్దు. వేలి లోపలి నరం తెగితే ఆరు నెలలు టీ కప్పు కూడా పట్టుకోలేవు."

"ఎడమ చెయ్యి బాగానే ఉంది. దాన్ని చూడు."

"చూసి ఏం లాభం?"

"నాకు తెలియాలి."

ఆమె గొలుసు కింది కొసకి ఇనప బిళ్ళలు తగిలించి, పై కొసకి చిన్న చెక్క ముక్క కట్టింది. దాని అంచుకి నాలుగు వేళ్ళు వేసి నేల మీంచి లేపాలి. లేపాను. ఆమె ఇంకో బిళ్ళ వేసింది. లేపాను. మరొకటి వేసింది. వణుకుతూ, గొలుసు గలగలలాడుతుంటే, అది కూడా నేల వదిలింది. కుర్రాళ్ళు నవ్వు ఆపారు.

"రెండు చేతులూ ఇలా ఉంటే కళ్ళు మూసుకుని పాసయ్యేదానివి," అంది కోచ్. ఓదార్పుగా అందనుకుంటా. నాకది పుండు మీద కారం. నాలో లేనిదానికోసమైతే సరిపెట్టుకుందును. ఉన్నదాన్ని చేతులారా చెడగొట్టుకున్నాను, సగం ఆయన, సగం నేను.

"చెప్పులకి కాపలా ఎవరు?" అని ఎవరో అడిగారు. నేను చెయ్యెత్తలేదు. ఈసారి ఎవరి చెప్పులు వాళ్ళే చూసుకోవాలి.

బయట మా ఆయన స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. దారంతా అనడానికి నేను కూడగట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి.

"ఏమన్నారు?"

"ఎడమ చెయ్యి పాసయింది."

"మరింకేం!" అని ముఖం వెలిగించుకున్నాడు. తర్వాత నా మొహం చూసి, దాన్ని మళ్ళీ ఆర్పేసుకున్నాడు. "కొండ?"

"వచ్చే ఏడు."

ఆయన స్కూటరు స్టార్ట్ చేశాడు. వెనక కూర్చున్నాను. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేతి వేళ్ళతో ఆయన నడుము పక్కన పట్టుకున్నాను. నాలుగు కొసలూ దిగేలాగా.

మలుపు తిరిగాక, "గుచ్చుకుంటోందే," అన్నాడు.

"గుచ్చుకోనివ్వండి," అన్నాను, పట్టు వదలకుండా.