ఉతకని చీర

...అయినా, ఇమ్మని వచ్చేవాళ్లంతా దొంగలే అని ఎందుకనుకోవాలి, అనుకుంది ఉమామహేశ్వరమ్మ. ఎందుకనుకోకూడదు, అని కూడా వెంటనే అనిపించింది. నిరుడు పెయ్యను తోలుకుపోయిన ట్రస్టువాళ్లు ఎంత మెత్తగా మాట్లాడారు! ప్రాణమున్నంతవరకూ సాకుతామని దాని నుదుట బొట్టు కూడా పెట్టారు. ఎండాకాలం రాకముందే అది నంద్యాల సంతలో బేరానికి నిలబడి, ఆమెను చూసి అరిచింది.

ఇప్పుడు బర్రె వంతు. తనకు మోకాళ్లు వంగక పాలు పిండలేకపోతోంది. "పిల్లోళ్లు తాగేచోటికియ్యి" అని భర్త కన్నుమూసే ముందు అన్నాడు. ఆళ్లగడ్డలో చెంచుల పిల్లలకు హాస్టలు ఉందంటే కబురు పెట్టింది. అప్పట్నుంచీ నిద్ర లేదు. ఆ పాలు పిల్లలు తాగుతారా, హోటలుకు పోతాయా? అసలు తనకు కావలసింది వాళ్ల కడుపు నిండటమా, తన మనసు కుదుటపడటమా? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా లేచి బర్రెకు కుడితి పెట్టేది.

పొద్దెక్కాక హాస్టలు నడిపే నతానియేలు, వంటచేసే ఎర్రమ్మ వచ్చారు.

"ఒకటడుగుతానప్పా. ఇది వట్టిపోతే ఏం చేస్తారు?"

"అమ్ముతాం," అన్నాడు నతానియేలు.

"అమ్ముతారా!"

"మళ్ల ఏం జెయ్యమంటావమ్మా? పిల్లోళ్లకే సంగటి సాలడం ల్యా. వట్టిగొడ్డుకు మేత యాడ తెచ్చేది? అమ్మి ఇంకోటి తెస్తాం."

"అట్ల మొగానే చెప్తారా అన్నా!" అంది ఎర్రమ్మ. "నీకు అబద్ధమాడేది గూడా చాతగాదు."

"ఆయమ్మ అడిగె, నేను చెప్తి. ఇష్టం ల్యాకుంటే పోదాం పా."

పొమ్మందామనే నోరు తెరిచింది ఉమామహేశ్వరమ్మ. కానీ ట్రస్టువాళ్లు ఈ మాట చెప్పలేదు. చెప్పివుంటే తను పెయ్యను ఇచ్చేది కాదు. అది వాళ్లకు తెలుసు. ఈయనకూ తెలుసు. తెలిసే చెప్పాడు. లోపలికి పోయి చెంబు తెచ్చి ఎర్రమ్మకిచ్చింది.

ఎర్రమ్మ చెంబు పట్టుకుని పొదుగు దగ్గర కూర్చుంది. బర్రె కాలు విదిలించింది. ఒక్క చుక్క దిగలేదు.

"నన్ను ఒల్లనంటాంది," అంది ఎర్రమ్మ. "ఆడికొచ్చినా ఇంతే. పిల్లోళ్లకు ఏం పోసేది?"

ఉమామహేశ్వరమ్మ దండెం మీదినుంచి, రోజూ పాలు పిండేటప్పుడు కట్టుకునే చీర తీసింది. పేడా పాలూ కలిసిన వాసన. బర్రె ఎరిగింది ఆ వాసననే. దాన్ని ఎర్రమ్మ భుజాల చుట్టూ కప్పింది.

"ఇది కట్టుకుని పిండు. ఉతకొద్దు."