మూస సంగతి

బస్సు టికెట్ల కంపెనీలో డేటాబేస్ చూసుకునేది పెద్ద కోడలు. దానికి ప్రోగ్రాములు రాసేది చిన్న కోడలు. తోడికోడళ్ళిద్దరికీ ఇంట్లో ఒకటే వంటగది, ఆఫీసులో ఒకటే గది. చిన్నామె నోరు తెరిస్తే అక్కా అంటుంది. కనబడిన ప్రతిదానికీ తెలుగు పేరు పెట్టడం ఆమెకు సరదా, వేడెక్కిపోయే సర్వర్‌కు కుంపటి అని పేరు పెట్టింది కూడా. పెద్దామెకు మాత్రం అనుమానం పాలు ఎక్కువ. పంచదార డబ్బా మూత వదులుగా కనిపించినా ఎవరో కావాలనే చేశారంటుంది.

డేటాబేస్‌లో ప్రోగ్రాములు రాసే ఒక పాత కంప్యూటర్ భాష ఉండేది. దానిలో రాసిన ప్రోగ్రాము సర్వర్‌లోని ఏ ఫైలునైనా తెరవగలదు. అందుకే మేనేజరు దాన్ని పీకేయమన్నాడు. అందుకు డ్రాప్‌లాంగ్ అనే పనిముట్టు ఉంది. నల్లటి తెర మీద దాని పేరు, భాష పేరు, డేటాబేస్ పేరు కొట్టాలి. పెద్ద కోడలు ముందుగా పరీక్షల కోసం వాడే డేటాబేస్ మీద కొట్టి చూసింది. పని సవ్యంగా జరిగితే ఆ పనిముట్టు కిమ్మనదు. కిమ్మనలేదు. హమ్మయ్య అనుకుని ఇంటికి వెళ్ళింది.

మర్నాడు చూస్తే భాష మళ్ళీ అక్కడే ఉంది. మళ్ళీ పీకింది, మళ్ళీ వచ్చింది. ఆ డేటాబేస్‌ను రోజూ పొద్దున్నే యంత్రం చెరిపేసి కొత్తగా కడుతుంది. కొత్తది ఖాళీగా పుడుతుందని ఆమె నమ్మకం. మరి భాషను తెచ్చి పెడుతున్నదెవరు? పాస్‌వర్డు ఉన్నది ఇద్దరికే. ఆ భాష బాగా వచ్చింది చిన్న కోడలికే.

సాయంత్రం కూరలు తరుగుతూ కదిపి చూసింది.

“ఏమే, ఆ పాత భాషంటే నీకు ప్రాణం కదూ?”

“ఇష్టమే అక్కా. మళ్ళీ వచ్చిందా?”

“వచ్చిందని నీకెవరు చెప్పారు?”

“రెండ్రోజులుగా మొహం అలా పెట్టుకుని తిరుగుతున్నావుగా అక్కా. ఒకసారి నీ మూస సంగతి చూసుకో.”

మూస! తనకు కొత్తగా ఏమీ చేతకాదని, తన పనంతా మూసపోసినట్టు ఉంటుందని ఎత్తిపొడుపన్నమాట. పెద్ద కోడలికి ఒళ్ళు మండిపోయింది.

తెల్లవారి నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళి చెప్పేసింది. “నా పేరు బయటికి రానివ్వకండి సార్,” అని కూడా అంది. మధ్యాహ్నానికల్లా చిన్న కోడలి పాస్‌వర్డు తీసేశారు. విచారణ తేలేదాకా రావద్దన్నారు. ఆ పిల్ల క్యారేజీ కూడా విప్పకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

మరుసటి రోజు పొద్దున భాష మళ్ళీ వచ్చి కూర్చుంది.

పాస్‌వర్డు లేని మనిషి ఎలా పెడుతుంది? అప్పుడు పెద్ద కోడలికి తట్టింది. సర్వర్‌ను కుంపటి అనే మనిషి టెంప్లేట్‌ను మూస అనక ఇంకేమంటుంది? కొత్త డేటాబేస్ ఏది కట్టినా టెంప్లేట్‌కు నకలుగానే పుడుతుంది. అందులో చూసింది. భాష అక్కడ ఏనాటి నుంచో హాయిగా కాపురం ఉంటోంది. అక్కడా పీకింది. డేటాబేస్‌ను మళ్ళీ కట్టించింది. ఈసారి భాష రాలేదు.

పరుగున వెళ్ళి మేనేజరుకు జరిగిందంతా చెప్పింది.

“పొరపాటేగా, రేపట్నుంచి రమ్మందాం. మీ పేరు నేను ఎత్తలేదు, ఎత్తను కూడా,” అన్నాడాయన. ఆ మాటకు ముందుగా తనకు ఊరట కలిగినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికి వెళ్ళేసరికి చిన్న కోడలు గిన్నెలు తోముతోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“రేపట్నుంచి రమ్మని ఫోను చేశారక్కా. ఎవరో నా మీద చాడీ చెప్పారట. నువ్వు లేనప్పుడు చూసి చెప్పుంటారు. నువ్వుంటే ఊరుకునేదానివా?”

పెద్ద కోడలు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

“చెప్పింది నేనేనే,” అంది.

చిన్న కోడలు చేతిలో ఉన్న గిన్నె తోమడం పూర్తి చేసి, కడిగి, బోర్లించింది. చేతులు తుడుచుకుంది.

“అలాగాండీ,” అంది. “మీరు భోంచేయండి, చల్లారిపోతుంది.”