ఎర్రవి ముట్టుకోకండి

ముప్పై ఏళ్లుగా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతున్నాను. తప్పు కంటపడితే చెయ్యి ఊరుకోదు. అలాంటి నా చేతిలో డాబా మీద పెంచుకుంటున్న తన చిక్కుడు తీగను పెట్టి మా ఆవిడ మంచం పట్టింది.

డాబా మెట్ల మీద జారి కాలి ఎముక విరగ్గొట్టుకుంది పాపం. మోకాలి దాకా కట్టు వేసి, ఆరు వారాలు కాలు నేల మీద ఆనించొద్దన్నాడు డాక్టరు. ఆ రోజు నుంచి డాబాకి రాజూ నేనే, కూలీ నేనే.

మామూలు తీగయితే ఇంత బాధ లేదు. ఆ విత్తనం మా అత్తగారిది. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది. ఏటా మా ఆవిడ నాలుగు గింజలు నాటడం, కాసినవాటిలో కొన్ని దాచి మళ్లీ నాటడం. ఈసారి గింజలు దాచిన సీసాలోకి చెమ్మ చేరి అన్నీ బూజు పట్టాయి. బాగున్నట్టు కనిపించిన ఐదింటిని నాటితే మొలిచింది ఒక్కటి. ఆ ఒక్క తీగ మీద కాయ ముదిరి గింజ కడితేనే ఆ విత్తనం నిలిచేది.

"అమ్మదంటూ నా దగ్గర మిగిలింది అదొక్కటేనండీ" అంది ఒకసారి. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

సరిగ్గా పిందె పడే వేళకి పేనుబంక పట్టింది. ఆవగింజంత నల్ల పురుగులు లేత కొమ్మల నిండా అతుక్కుని రసం పీల్చేస్తున్నాయి. ఆకులన్నీ జిగురు. కిందికి దిగి, మందు కొట్టేస్తానన్నాను.

"మందూ గిందూ వద్దు. అక్షింతల పురుగులు వచ్చాయా? ఎర్రగా, గుండ్రంగా, వీపు మీద నల్ల చుక్కలు ఉంటాయి."

"ఏడెనిమిది ఉన్నాయి."

"ఇంకేం! పేనుబంక సంగతి అవే చూసుకుంటాయి. ఎర్రవి మాత్రం ముట్టుకోకండి, మీకు దణ్ణం పెడతాను."

ముట్టుకోలేదు. నాలుగు రోజులకి ఇంకో రకం దిగింది. నల్లగా, పొడుగ్గా, ఒళ్లంతా ముళ్లు, పక్కల నారింజ మచ్చలు, చీమంత మొసళ్లలాగా పాకుతున్నాయి. చూడగానే ఒళ్లు జలదరించింది. ఇవి కూడా తయారయ్యాయా అనుకుని, పట్టకారు పుచ్చుకుని ఒక్కొక్కదాన్నీ ఏరి సబ్బునీళ్ల మగ్గులో పడేశాను. ఆకుల అడుగున పసుపు గుడ్లు గుంపులుగా కనిపిస్తే గోటితో గీకేశాను. రోజూ పనికి వెళ్లేముందు గంటసేపు ఇదే తంతు.

"అంతసేపు ఏం చేస్తున్నారు పైన?"

"పురుగులు ఏరుతున్నా."

"నడుం పట్టేస్తుందేమో, జాగ్రత్త" అని జాలిపడింది. పేనుబంకని తుడుస్తున్నాననుకుంది. నేను పొంగిపోయాను.

పది రోజులు గడిచినా పేనుబంక తగ్గకపోగా రెట్టింపయింది. కొమ్మలు ముడుచుకుపోయాయి. ఎర్ర పురుగులు ఒక్కొక్కటే ఎటో వెళ్లిపోయాయి. ఇంత చాకిరీ చేస్తే ఇదా ఫలితం! ఒళ్లు మండిపోయి, మగ్గు పట్టుకుని విసవిసా దిగాను.

"నీ ఎర్ర పురుగులు ఒట్టి సోమరిపోతులు! చూడు, నేనొక్కణ్ణే ఎన్ని పట్టానో" అంటూ మగ్గు ఆమె ముందు పెట్టాను.

ఆమె వంగి చూసింది. వేలితో ఒకదాన్ని పైకి తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఇవెక్కడ దొరికాయి?"

"ఎక్కడేమిటి, ఆ పేనుబంక మధ్యలోనే."

"దాన్ని తినడానికే అక్కడున్నాయండీ. ఇవి ఎర్రవాటి పిల్లలు. పెద్దవాటికంటే ఇవే ఎక్కువ తింటాయి."

"దానికీ దీనికీ పోలికెక్కడుంది?"

"చిన్నప్పుడు ఇలాగే ఉంటాయి."

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా!" అని అరిచాను. తప్పు నాదేనని అరుస్తున్నప్పుడే తెలుసు. ఆమె కూడా తిరిగి అరిస్తే ఎంత బాగుండేది!

"నిజమే, చెప్పాల్సింది" అంది నెమ్మదిగా. "పసుపు గుడ్లు కూడా తీసేశారా?"

తలూపాను. పైకి వెళ్తానంది. డాక్టరు మాట గుర్తుచేశాను, బతిమాలాను, కోప్పడ్డాను. ఒంటికాలి మీద కుంటుతూ మెట్ల దగ్గరికి చేరి, వెనక్కి తిరిగి కూర్చుని, చేతులూనుతూ ఒక్కో మెట్టూ ఎక్కడం మొదలుపెట్టింది. కట్టు వేసిన కాలు నేను పట్టుకున్నాను.

పైన ప్రతి కాయనీ రెండు వేళ్ల మధ్య నొక్కి చూసింది. చాలావరకు గింజ లేని తాలు కాయలే.

"మూడు కాయల్లో గింజ పడింది. ఇంకా లేతవి. పదిహేను రోజులైనా తీగ మీద ఉండాలి."

"ఇకనుంచి పేనుబంకే తుడుస్తాను, ఒట్టు."

"వద్దండీ. మీరు పైకి రాకండి."

చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

అప్పటినుంచి పేనుబంక తుడవడానికి రోజూ తనే ఎక్కుతోంది. కాలు పట్టుకుని పై మెట్టు దాకా సాయం చేసి, నేను దిగి వచ్చి కింద కూర్చుంటాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, ఆ సిగ్గు మళ్లీ కోపంగా మారుతోంది, ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియడం లేదు.

నిన్న ఆమె దిగి వచ్చాక ఉండబట్టలేక అడిగాను.

"గింజ కాయలు ఎన్నున్నాయి?"

"ఒకటి."

"అదైనా నిలుస్తుందా?"

"నేనెంత తుడిచినా, దాన్ని చూసుకునే ఎర్రవి లేవు కదండీ ఇప్పుడు" అని చెయ్యి చాచింది. లేపి, మంచం దాకా పట్టుకెళ్లాను.