పేరంటమా, సభా?

నేను ఒక జంపఖానాను. గొప్పకు పోయి తివాచీ అనకండి. తివాచీ మీద బూట్లతో నడుస్తారు. నా మీదకు ఎంతటివారైనా చెప్పులు విప్పే రావాలి. ఎరుపు, నీలం చారలు, రెండు కొసలా ముడులేసిన కుచ్చులు, నలుగురు పట్టుకుంటేగాని లేవని బరువు, ఇదీ నా ఆస్తి. ఓరుగల్లులో పుట్టాను. నన్ను నేసినాయన పేరు వెంకటనర్సు. పోగు తెగితే పోగును తిట్టేవాడు, తిట్టడానికి ఏమీ దొరక్కపోతే నన్ను తిట్టేవాడు. మగ్గం మీంచి దించేటప్పుడు మాత్రం అరచేత్తో ఓసారి నిమిరాడు. "నీ మీద మంత్రులు కూసుంటరో, పేకాడెటోళ్లు కూసుంటరో నాకేమెరుక? గట్టిగుండు, గంతే" అన్నాడు.

ముందు పేకాడేవాళ్లే కూర్చున్నారు. కోస్తాలోని కంచరవరంలో షామియానాలు అద్దెకిచ్చే దుకాణం వాళ్లు నన్ను కొన్నారు. పెళ్లివారి విడిదిలో ఒకాయన సిగరెట్టుతో నా మూల ఒక చిల్లు పెట్టి, ఎవరూ చూడకుండా దాని మీదే కూర్చున్నాడు. సభల్లో సమానత్వం గురించి గంటలకొద్దీ ప్రసంగాలు విన్నాను. మాట్లాడేవాళ్లు కుర్చీల్లో ఉండేవారు, వినేవాళ్లు నా మీద ఉండేవారు. అది అలాగే ఉండాలి కాబోలు అనుకున్నాను.

రంగు కొంచెం వెలిశాక నన్ను ఆ ఊరి మహిళా సంఘం వాళ్లు కొనుక్కున్నారు. అక్కడ కుర్చీల్లేవు. కార్యదర్శి శేషారత్నం గారు కూడా మోకాళ్ల నొప్పులతో "అమ్మా" అనుకుంటూ నా మీదే కూర్చునేవారు. ఆవిడ కుట్టు టీచరు. చిన్నతనంలోనే భర్త పోయాడు. నా చిల్లు చూసిన మొదటి రోజే సూదీ దారం తీసి, మాట్లాడుతూ మాట్లాడుతూ కుట్టేసింది. ఆరోజు నుంచీ నేను ఆవిడ మనిషిని.

సంఘానికి ఒక పెంకుటిల్లు ఉంది. పిల్లల్లేని ఒక నర్సమ్మ రాసిచ్చి పోయింది. మొగుడి చేతి దెబ్బలు తిని వచ్చిన ఆడదానికి ఆ ఇంట్లో ముందు కాసిని మంచినీళ్లు, తరువాత అన్నం, ఆ తరువాతే ప్రశ్నలు. నేను చెప్పబోయే రోజుల్లో సుగుణ అనే పిల్ల ఉండేది. ఎడమ చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. మొగుడు రోజూ సాయంత్రం వీధి చివర స్కూటరు ఆపుకుని, ఆ ఇంటి వంక చూస్తూ నిలబడేవాడు.

అప్పుడు కొత్త సర్కారు వచ్చింది. కుటుంబాలను కాపాడతామంది. అందుకోసం ఒక ఉత్తర్వు తీసింది: పెళ్లైన స్త్రీకి భర్త గాని, తండ్రి గాని రాసిచ్చిన ఒప్పుదల లేకుండా ఏ సంఘమూ ఆశ్రయం ఇవ్వకూడదు. చెయ్యి విరిచినవాడి దగ్గరే చీటీ తెచ్చుకోవాలన్నమాట! శేషారత్నం గారు ఆ చీటీ ఎవర్నీ అడగనని తిరిగి రాశారు. ఇంకేముంది, సర్కారుకు సంఘం మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టింది.

వెంటనే రెండు కాగితాలు వచ్చాయి. సంఘాల ఆఫీసు పంపిన దాంట్లో, ఈ నెలాఖరులోగా మూడింట రెండు వంతుల సభ్యులు ఒకచోట కూర్చుని చేతులెత్తి, సంఘాన్ని కొనసాగిస్తున్నట్టు తీర్మానించాలి, లేకపోతే సంఘం రద్దు, ఇల్లు సర్కారుది అని ఉంది. పోలీసుల కాగితంలో, అనుమతి లేకుండా ఐదుగురికి మించి సభ జరపరాదు, పెళ్లిళ్లకూ పేరంటాలకూ శవయాత్రలకూ మినహాయింపు అని ఉంది. అనుమతి అడిగితే ఇవ్వలేదు. సభ జరిపితే నేరం, జరపకపోతే రద్దు. ఇల్లు పోతే సుగుణ వెళ్లవలసింది ఆ స్కూటరు వెనక సీటు మీదకే.

"మినహాయింపులో పేరంటం ఉందిగా" అంది ఉపాధ్యక్షురాలు అనసూయమ్మ. "శ్రావణ శుక్రవారం మా ఇంట్లో పేరంటం పెడతాను. బొట్టు పెట్టి అందర్నీ పిలుస్తాను. ఎవడొస్తాడో చూద్దాం."

అందరూ చప్పట్లు కొట్టారు. శేషారత్నం గారు మాత్రం తల అడ్డంగా ఊపారు. "బాగానే ఉందే. కానీ నన్ను వదిలెయ్యండి. భర్త పోయినదాన్ని, పేరంటంలో నేను కనబడితే అది పేరంటమని ఎవడు నమ్ముతాడు? మీరే కానిచ్చెయ్యండి."

"మిమ్మల్ని గుమ్మం బయట కూర్చోబెట్టి, లోపల మేం ఆడవాళ్ల హక్కుల గురించి చేతులెత్తమంటారా?" అనసూయమ్మ గొంతు పెంచింది. "ఏం మాటలండీ అవి! మొదటి బొట్టు మీకే పెడతాను. ఏమైతే అదవుతుంది."

అది తెలివైన పని కాదు. నాకే తెలిసింది, వాళ్లకు తెలియదా? అయినా ఒక్కరూ కాదనలేదు. ఇన్నేళ్లలో నా మీద ఎంతోమంది పెద్దమనుషులు కూర్చున్నారు గాని, వాళ్లలో ఒక్కరి మీదా నాకింత గౌరవం కలగలేదు.

శుక్రవారం అనసూయమ్మ ఇంటి హాల్లో నన్ను పరిచారు. పసుపు రాసుకున్న పాదాలు, తడి ఆరని జడలు, నానబెట్టిన శనగల వాసన. ఖాసింబీ కూడా తలలో మల్లెపూలు పెట్టుకుని వచ్చింది. అనసూయమ్మ అన్నట్టే శేషారత్నం గారి నుదుట మొదటి బొట్టు పెట్టింది. ఆవిడ ఏడవకూడదని పళ్లు బిగబట్టి, నా కుచ్చును గట్టిగా పట్టుకుంది.

అంతలో ఎవరికీ తెలియని ఒకావిడ వచ్చి నా అంచున కూర్చుంది. మామూలు చీరే గాని, కూర్చున్న తీరు నాకు నచ్చలేదు. ఒక కాలు ఎప్పుడైనా లేచేటట్టు ఉంది. పోలీసులు పంపిన మనిషి, పేరు హైమావతి. కానిస్టేబులుగా చేస్తూ భర్త చనిపోతే ఆ ఉద్యోగం ఈవిడకిచ్చారు. ఇదంతా తరువాత కోర్టులో విన్నాను. అనసూయమ్మకు ఇవేవీ తెలియవు. నువ్వెవరు, నీ మొగుడున్నాడా అని అడగలేదు. కుంకుమ భరిణె పట్టుకుని, వరసలో వచ్చి, ఆవిడకూ బొట్టు పెట్టేసింది. లేవబోతున్న ఆ కాలు మెల్లగా మడతపడింది. ఇప్పుడామె సరిగ్గా కూర్చుంది.

శేషారత్నం గారు తీర్మానం చెప్పారు. చేతులన్నీ లేచాయి. సుగుణ కట్టు లేని చెయ్యి ఎత్తింది. హైమావతి చెయ్యి కూడా సగం దాకా లేచి, ఏదో గుర్తొచ్చి జుట్టు సర్దుకుంది.

బయట కాచుకున్న ఎస్సైకి ఎంతకీ కబురు రాకపోయేసరికి తనే గుమ్మం దాకా వచ్చాడు. శేషారత్నం గారి నుదురు చూశాడు. "విధవరాలికి బొట్టేంటి? ఇది పేరంటం కాదు, మీటింగు! పదండి!" అని అరిచాడు. ఆవిడ మీద కేసు పెట్టారు. నా మీద కూడా 'సభకు పరిచిన జంపఖానా' అని ఒక చీటీ కుట్టి, పంచనామా చేసి పట్టుకుపోయారు.

కోర్టులో నన్ను చుట్టచుట్టి బల్ల పక్కన పడేశారు. సర్కారు ప్లీడరు గంభీరంగా లేచి, భర్త లేని స్త్రీ పేరంటానికి తగదు కాబట్టి జరిగింది పేరంటం కాదన్నాడు. "ఏ చట్టంలో ఉందండీ?" అని మేజిస్ట్రేటు అడిగితే ఆ మాట దాటేశాడు. సాక్షిగా హైమావతిని పిలిచాడు.

"పేరంటమేనండి" అంది హైమావతి.

"సరిగ్గా చూసే చెప్తున్నావా?"

"నాకూ బొట్టు పెట్టారండి. మా ఆయన పోయాక నన్నెవరూ పిలవలేదు, పెట్టలేదు. నామటుకు నాకది పేరంటమేనండి."

సంఘం తరఫు వకీలు ముఖం వెలిగిపోయింది. మేజిస్ట్రేటు కలం అందుకున్నాడు. కేసు కొట్టేసినట్టే. వెనక బెంచీ మీద సుగుణ మొగుడు మాత్రం ఎందుకో నవ్వుతున్నాడు. జరిగింది పేరంటమే అయితే సభ జరగనట్టే. నెలాఖరు దాటిపోయింది. సంఘం రద్దు, ఇంటికి తాళం.

శేషారత్నం గారు మోకాళ్లు పట్టుకుని లేచారు. "హైమావతి గారు అబద్ధం చెప్పలేదండి. ఆవిడకది పేరంటమే. కానీ నేను జరిపింది సభ. సంఘం సభ."

"అమ్మా, ఆలోచించుకుని చెప్పండి. పేరంటమంటే ఇంటికి వెళ్తారు. సభంటే జైలుకు వెళ్తారు" అన్నాడు మేజిస్ట్రేటు. ఆయన గొంతులో నిజంగానే బతిమాలుతున్నట్టు ఉంది.

"ఆలోచించుకునే వచ్చానండి. సభ్యులందరూ వచ్చారు, చేతులెత్తారు, తీర్మానం అయింది. అలా రాయండి."

సర్కారు ప్లీడరుకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. ఎవరెవరు వచ్చారో, ఏం తీర్మానించారో, ఎలా చేతులెత్తారో వరసగా చదివి రుజువు చేశాడు. శేషారత్నం గారు ప్రతి పేరుకూ తల ఊపుతూ, ఖాసింబీ పేరు వదిలేస్తే గుర్తుచేశారు కూడా. అవన్నీ తీర్పులోకి ఎక్కాయి. ఫలానా రోజున సంఘం సభ్యులు సమావేశమై తీర్మానం చేసిన మాట నిజమని సర్కారువారి కోర్టే ముద్ర వేసి ఇచ్చింది. ఆవిడకు నెల రోజుల జైలు. ఆ తీర్పు నకలే తీసుకెళ్లి అనసూయమ్మ సంఘాల ఆఫీసులో ఇచ్చింది. వాళ్లు చట్టాన్ని తిరగేశారు, బోర్లేశారు. సభ జరగాలని అందులో ఉంది గాని, జరిపినవాళ్లు జైలుకు పోకూడదని ఎక్కడా లేదు.

నేనిప్పుడు కోర్టువారి సామాన్ల గదిలో ఉన్నాను. ఒక పక్క గడ్డపార, ఒక పక్క సారా డబ్బాలు. కేసు ముగిసింది గనక అర్జీ పెట్టుకుంటే నన్నిచ్చేస్తారు. జైలు నుంచి వచ్చాక శేషారత్నం గారు వద్దన్నారట. "సభకు పరిచిన జంపఖానా అని దాని మీద వాళ్లే రాశారు. వాళ్ల దగ్గరే ఉండనివ్వండి. రేపు ఎవడైనా సభ జరగలేదంటే అదే చెబుతుంది" అన్నారట.

ఈ మాట హైమావతి చెప్పగా విన్నాను. ఆ సాక్ష్యం చెప్పినందుకు ఆవిడను ఈ గది కాపలాకు వేశారు. నా మడతల్లో వేపాకు దూర్చుతూ తోటి ఉద్యోగితో చెప్పింది. ఆ ఇంటికి ఇంకో ఇద్దరు వచ్చారట. సుగుణే వాళ్లకు మంచినీళ్లు ఇచ్చిందట. నేను లేను కదా, అందరూ కటిక నేల మీదే కూర్చుంటున్నారట. శేషారత్నం గారి మోకాళ్లు తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది. అయినా ఇక్కణ్ణుంచి కదలను.