థార్న్‌ఫోల్డ్ కాగితాలు

బల్ల మీద కాగితాలు లేవు.

నసీరుద్దీన్ బల్ల కింద చూశాడు. టైపు మిషన్ ఎత్తి చూశాడు. పరుపు తిరగేశాడు. గురువారం ఒంటిపూట డ్యూటీ ముగించుకుని ఒమన్‌లో, దార్సైట్‌లోని తన ఫ్లాటుకు వచ్చి ఐదు నిమిషాలు కాలేదు, చొక్కా తడిసిపోయింది. పోయినవి అరవై రెండు కాగితాలు. అవి అతనివి కావు, విట్లీ సారువి.

విట్లీ సారు అతను టైపిస్టుగా పనిచేసే ఇంజినీర్ల ఆఫీసుకు పెద్ద. వచ్చే వారం పదవి వదిలి ఇంగ్లండు వెళ్లిపోతున్నాడు. ఆయన భార్య పోయి ఏడాదయింది. ఒమన్‌లో ఉన్నన్నాళ్లూ ఆమె తామిద్దరూ పుట్టి పెరిగిన థార్న్‌ఫోల్డ్ అనే పల్లె చరిత్ర రాస్తూ పొద్దుపుచ్చింది. పొదుపరి మనిషి. భర్త ఆఫీసు నుంచి తెచ్చిన పాత ఉత్తరాల వెనక, ఖాళీగా ఉన్న వైపు, సన్నటి అక్షరాలతో రాసుకుంది.

"ఇదొక్కటే ప్రతి. ఆఫీసు గడప దాటనివ్వకు" అని మరీ చెప్పి టైపు కొట్టడానికి ఇచ్చాడు విట్లీ సారు.

నసీరుద్దీన్ దాటించాడు. ఏదైనా మొత్తం చదవందే మీట మీద వేలు పెట్టకపోవడం కడప కాలేజీ నాటి అలవాటు. ఆఫీసులో అంత తీరిక దొరకదు. పది రోజులుగా సాయంత్రాలు ఇంట్లో చదువుతూ, నెలలు నిండుతున్న భార్య షంషున్నీసాకు అర్థం చెబుతున్నాడు. నలభై ఇళ్ల ఊరు. ఎనిమిది వందల ఏళ్ల చర్చి. పిడుగు పడి దాని శిఖరం కూలితే మళ్లీ కట్టే స్తోమత లేక రేకు కప్పి వదిలేశారు. మహమ్మారి వచ్చిన ఏడు సగం ఊరు పోయింది. గోతులు తవ్వినవాడు ఒక్కడే, ఆఖరి గొయ్యి వాడిదే. యుద్ధానికి వెళ్లి తిరిగి రాని కుర్రాళ్ల పేర్లు చెక్కిన రాయి ఒకటుంది. పంతొమ్మిది పేర్లు, నాలుగు ఒకే ఇంటివి. అక్కడికి వచ్చేసరికి షంషున్నీసా పొట్ట మీద చెయ్యి వేసుకుని, "అది చాలు గానీ, ఆ ఊరి నీళ్లబాయి సంగతి చదువుజీ" అంది.

కూతురి కాన్పు కోసం కడప నుంచి వచ్చిన అత్త హమీదున్నీసా వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఏం వెతుకుతాండావు బేటా? ఆ కాగితాలేనా? వాటి మీద టీ కప్పు పెట్టిపోయినావు, తౌబా తౌబా! ప్రతిదాని నెత్తిన బిస్మిల్లా ఉండాది. చదువుకున్నోడివి, చూసుకోవద్దా? కళ్లకద్దుకుని సంచిలో వేసినా."

ఈ దేశంలో ఆఫీసు ఉత్తరం బిస్మిల్లాతోనే మొదలవుతుంది. విట్లీ దొరసానికి వెనకవైపు అయినదే ఇంగ్లీషు రాని అత్తకు ముందువైపు.

అల్లా పేరున్న కాగితాన్ని చెత్తలో వేయరు, కాలికింద పడనివ్వరు. కడపలో అయితే పాడుబావిలోనో పారే నీళ్లలోనో వదులుతారు. ఇక్కడ ఆ బిల్డింగులోని కడప, హైదరాబాద్ కుటుంబాలు తలుపు వెనక ఒక గుడ్డసంచి తగిలించుకుంటాయి. మూడో అంతస్తులో ఉండే ఖాదర్‌వలి నెలకోసారి ఆ సంచులన్నీ తన వ్యానులో సముద్రం ఒడ్డున ఉన్న ఖబూరాకు తీసుకుపోతాడు. అక్కడ తెలిసిన జాలరి వాటికి రాయి కట్టి నడిసముద్రంలో దించి వస్తాడు.

తలుపు వెనక కొక్కేనికి సంచి లేదు.

"ఖాదర్‌వలి ఎప్పుడు పోయినాడు?"

"పొద్దున తొమ్మిదికి" అంది షంషున్నీసా. "ఏమైందిజీ? ముఖం అట్లయిపోయిందేమి?"

బూట్లు తొడుక్కుని మెట్లు దిగాడు.

టాక్సీ ఖబూరా చేరడానికి రెండున్నర గంటలు పడుతుంది. దారి పొడవునా ఇస్రార్ గుర్తుకొచ్చాడు. ఇస్రార్ అతనికన్నా ముందు టైపిస్టు. ఒక్క టెండరు ఫైలు పోగొట్టాడని వారం తిరక్కుండా వీసా రద్దు చేసి విమానం ఎక్కించారు. షంషున్నీసాకు ఎనిమిదో నెల దాటింది, ఇప్పుడామెను ఏ విమానమూ ఎక్కనివ్వరు. తన వీసా పోతే ఆమెదీ పోతుంది, ఎవరి నీడన కంటుంది? డ్రైవరు ఒక ముసలి బలూచీ. అద్దంలో అతన్ని చూసి నీళ్ల సీసా వెనక్కి చాచాడు.

ఒడ్డున ఖాదర్‌వలి వ్యానుకు ఆనుకుని ఖర్జూరాలు తింటున్నాడు.

"ఏం బావా, ఇంత దూరం వచ్చినావే! చెల్లెలికి నొప్పులా?"

"సంచి యాడ?"

ఖాదర్‌వలి సముద్రం వైపు చూపించాడు. పడవ ఒకటి ఒడ్డుకు వస్తోంది. నసీరుద్దీన్ బూట్లతోనే మోకాలి లోతు నీళ్లలోకి పరుగెత్తి పడవ అంచు పట్టుకున్నాడు. లోపల వల ఉంది, చేపలున్నాయి. ముసలి జాలరి అతని కంగారును ఇంకో రకంగా అర్థం చేసుకున్నాడు. వచ్చీరాని హిందీలో ధైర్యం చెప్పాడు: కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని, దూరం పోయి, లోతు చూసి దించాడట. ఒక్క కాగితమూ తేలలేదట. దిగులు వద్దన్నాడు.

తిరుగుదారిలో సంగతంతా విని ఖాదర్‌వలి అన్నాడు: "ఆఫీసులోనే పెట్టినా, ఎవరో తీసినారని చెప్పు బావా. ఇంటికి తెచ్చినట్టు సాక్షి యాడుండాడు?"

"ఆఫీసు ఊడ్చేది గణపతి ఒక్కడే. వాని మీద పడుతుంది."

"వాని పెండ్లానికీ నెలలు నిండుతాండాయా?" అన్నాడు ఖాదర్‌వలి. తర్వాత తనే సిగ్గుపడి రోడ్డు చూస్తూ నడిపాడు.

శుక్రవారమంతా నసీరుద్దీన్ అన్నం ముట్టలేదు. మెట్ల మీద ఎవరి అడుగులు వినిపించినా ఆఫీసు మనిషే వచ్చాడనుకున్నాడు. అత్తకు మాత్రం ఏమీ చెప్పలేదు. ఆమె చేసినదాంట్లో తప్పు ఎంత వెతికినా దొరకలేదు.

శనివారం పొద్దున్నే విట్లీ సారు గదిలో నిలబడ్డాడు. "సార్, ఆ కాగితాలు ఇంటికి తీసుకుపోయాను" అని మొదలుపెట్టి, నేల చూస్తూ, జాలరి మాటలదాకా చెప్పేశాడు.

విట్లీ సారు కళ్లద్దాలు తీశాడు. ముఖం తెల్లగా పాలిపోయింది. చెయ్యి ఫోన్ మీదికి వెళ్లింది. వీసాలు చూసే అధికారికే అనుకున్నాడు నసీరుద్దీన్.

"గంటసేపు నాకు ఎవరినీ కలపొద్దు" అన్నాడు విట్లీ సారు ఫోనులో. పెట్టేసి నసీరుద్దీన్ వైపు తిరిగాడు.

"మీ అత్తగారు ఆ కాగితాలను కళ్లకద్దుకున్నారా?"

"అవును సార్."

"నేను వాటిని చదవనేలేదు, నసీర్. ఆ చేతిరాత కనబడగానే మూసేసేవాణ్ని. నువ్వు చదివావా?"

"మూడుసార్లు సార్."

"ఎంత గుర్తుంది?"

అన్నీ గుర్తున్నాయనాలా? గుర్తుందని చెప్పి తప్పితే? "చాలావరకు, సార్" అన్నాడు.

"మిషన్ ఇక్కడికి తెచ్చుకో."

తెచ్చుకున్నాడు. మొదటి వరుసలోనే తప్పు పడి కాగితం పాడయింది. విట్లీ సారు ఇంకోటి అందించాడు. ఊళ్లోకి వచ్చే దారి, రెండు బళ్లు పక్కపక్కన పట్టని రాతి వంతెన. చెబుతూ కొడుతూ పోయాడు. "వంతెన దాటగానే ఎడమ పక్కన పిండిమర..."

"కుడి పక్క" అన్నాడు విట్లీ సారు.

నసీరుద్దీన్ మీటల మీంచి వేళ్లు తీశాడు. అయినా ఆ ముక్క అతనికి కళ్ల ముందే ఉంది.

"మేడమ్ ఎడమ అనే రాశారు సార్."

"నేను పుట్టింది ఆ మరలోనే. కుడి పక్కే ఉంది. ముప్పై ఏళ్లు చెప్పాను, ఒక్కనాడూ ఒప్పుకోలేదు." విట్లీ సారు నవ్వబోయి ఆగి, రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు.

"ఎడమ అనే కొట్టు."