కుట్లవాళ్లకి ఇవ్వకూడని పుస్తకం

ఆసుపత్రి వార్డుల్లో పుస్తకాల బండి తోసే పిల్లని అందరూ బండమ్మాయి అంటారు. ఏ మంచానికి ఏ పుస్తకం నప్పుతుందో ఆమెకు కొట్టిన పిండి. కానీ నాలుగు రోజులుగా సొంత అక్కకే ఏం ఇవ్వాలో తోచడం లేదు.

అక్క దర్జీ. మిషను తొక్కి చెల్లెల్ని చదివించిన మనిషి. ఆమె పొట్టకి ఆపరేషనయింది. కోత బాగానే మానుతోంది, చిక్కల్లా దగ్గుతోనే. గట్టిగా దగ్గి కఫం బయటికి తేకపోతే ఊపిరితిత్తులకి నెమ్ము చేస్తుందని డాక్టరు హెచ్చరించాడు. గొంతులో గురగురమంటున్నా అక్క పెదవులు బిగించుకుని పడుకుంది.

"దిండు పొట్టకి అదుముకుని ఒక్కసారి దగ్గక్కా."

"కుట్ల సంగతి నాకు చెప్తావా? పాతికేళ్లుగా కుడుతున్నా. బిగువు తగిలితే ఏది పిగులుతుందో నాకు తెలీదూ?"

"లోపల పొరలు పొరలుగా గట్టిగా కుట్టారంట."

"నేనూ కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లకి అలాగే చెప్తాలే."

రేపటికీ ఇలాగే ఉంటే ఐసీయూకి మార్చాలన్నాడు డాక్టరు.

బండి అడుగు అరలో వీపుకి ఎర్ర టేపు అంటించిన పుస్తకాలుంటాయి. అవి నవ్వించేవి. కుట్లున్నవాళ్లకి ఇవ్వకూడదని హెడ్ నర్సు ఆజ్ఞ. "పొట్ట చెక్కలయ్యే పుస్తకాలు పొట్ట కోసినవాళ్లకెందుకమ్మా?" అంటుందావిడ. వాటిలో రెండు నవలలు చెల్లెలికి ప్రాణం. ఇంటర్నెట్‌లో రోజూ మూడు గళ్ల బొమ్మల కథ వేసే ఒకాయన రాసిన అంతరిక్షం కథలవి. బస్సులో ఫోన్‌లో ఆ బొమ్మలు చూసి తనలో తనే నవ్వుకునేది. నవలలు వచ్చాయని తెలిసి పట్టుబట్టి తెప్పించింది. కనిపించినవాళ్లందరికీ చదవమని చెప్పింది. అక్క మాత్రం "రాకెట్ల గోల నాకెందుకే" అని తీసిపారేసింది.

చెల్లెలు వెళ్లి, అక్కని నవ్విస్తే ప్రమాదమా అని ఊపిరి కసరత్తులు చేయించే ఆయన్ని అడిగింది.

"నవ్వితే కుట్లు తెగవమ్మా, కాస్త నొప్పెడతాయి. దిండు మాత్రం వదలనివ్వకు."

మధ్యాహ్నం చెల్లెలు మంచం పక్కన కూర్చుని మొదటి నవల తెరిచింది. అక్క మొహం తిప్పుకుంది. చెల్లెలు పైకే చదవసాగింది.

అంతరిక్షనౌకలో ఒక దర్జీ. అతని దగ్గరికి ఎనిమిది చేతుల పెద్దమనిషి వచ్చి చొక్కా కుట్టమన్నాడు.

"ఎనిమిది చంకలా? గుడ్డ ఎన్ని మీటర్లు తెమ్మన్నాడు?" అంది అక్క, అటే తిరిగి.

"అది రాయలేదక్కా."

"రాయకపోవడమేంటి! వీడెప్పుడైనా కత్తెర పట్టాడా?"

"బొమ్మలేసేవాడే. నువ్వు విను."

దర్జీ వారం రోజులు తంటాలు పడి కుట్టాడు. పెద్దమనిషి వచ్చి చొక్కా తిప్పి తిప్పి చూశాడు. "ఇవాళ మంగళవారం కదండీ. మంగళవారాలు వీటిలో నాలుగు నాకు కాళ్లు," అన్నాడు.

అక్క భుజాలు కదిలాయి. "అచ్చం మన వీధి డాక్టరమ్మ అత్తగారే! కొలతిచ్చి పోయి మర్నాడొచ్చి..." మాట పూర్తి కాలేదు. నవ్వు పొంగుకొచ్చింది, దాని వెనకే దగ్గు. చెల్లెలు పుస్తకం జారవిడిచి దిండుని రెండు చేతులా అక్క పొట్టకి అదిమిపట్టింది. అక్క కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. నొప్పికో నవ్వుకో తెలియలేదు. నాలుగో దగ్గుకి కఫం పక్కనున్న గిన్నెలో పడింది.

హెడ్ నర్సు పరుగున వచ్చింది. ఎర్ర టేపు చూసింది, చెల్లెల్ని చూసింది, గిన్నెలోకి చూసింది. గిన్నె మార్చి, అక్క వీపు నిమురుతూ నిలబడింది.

ఆయాసం తగ్గాక అక్క మెల్లగా దుప్పటి ఎత్తి కట్టు చూసుకుంది. తడి లేదు. వేలితో అంచు వెంట తడిమింది.

"పర్వాలేదే," అంది గొణుగుతూ. "చెయ్యి తిరిగినవాడే."

చెల్లెలు చున్నీతో కళ్లు తుడుచుకుంది. పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఏడుపెందుకే పిచ్చిదానా? చదువు. మంగళవారం సరే, బుధవారం వాడికెన్ని కాళ్లు?"

అడుగుతూనే అక్క దిండు తానే లాక్కుని పొట్టకి హత్తుకుంది.