గుండూ గంటే

గుమ్మఘట్ట పక్క పల్లెలో గుండు బయ్యన్న ఇల్లెక్కడంటే చంటిపిల్లలు కూడా చూపించేవాళ్లు. ప్రతి ఉగాదికీ ఆంజనేయస్వామి గుడి ముందున్న నున్నటి రాతిగుండుని తొడల మీదికి, అక్కణ్ణుంచి భుజం మీదికి ఎక్కించి, వెనక్కి పడేసి మీసం తిప్పేవాడు. అంతటి మొనగాణ్ణి పడగొట్టింది గుండు కాదు, గంటె. పోయిన ఉగాది దాటిన నెలకే, అన్నం తింటుంటే పప్పులో గంటె జారి కింద పడింది. తీద్దామని కూర్చున్నచోటు నుంచే పక్కకి మెలిదిరిగి వంగాడు. అంతే, నడుం పట్టేసింది. మంచం మీద మోసుకెళ్లి ఆటోలో వేశారు. మోసినవాళ్లలో రామప్ప ఉన్నాడు. రామప్ప నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి ఊరందరికీ గుండు బయ్యన్న పోయి గంటె బయ్యన్న అయ్యాడు.

డాక్టరు నాలుగు రోజులాగి తిరగమన్నాడు. ఇతను భయంకొద్దీ నెలల తరబడి పడుకున్నాడు. నడుముకి బెల్టు. చెంబైనా సరే పెళ్లాం సుబ్బలక్ష్మమ్మే అందించాలి. నొప్పికన్నా ఆ పేరే ఎక్కువ కుట్టింది. వచ్చే ఉగాదికి గుండెత్తి ఆ పేరు తుడిచెయ్యకపోతే ఊళ్లో తలెత్తుకోలేననుకున్నాడు. ఎత్తాలంటే ముందు లేవాలి కదా, ఆ ధైర్యమే లేదు.

దసరా సెలవులకి కూతురు నందిని వచ్చింది. కళ్యాణదుర్గంలో వ్యాయామం టీచరు.

"నాయనా, నీ నడుం గాజుబుడ్డి అనుకుంటాండావా? పండుకోని పండుకోని ఉండే కండంతా కరగబెట్టినావు. ఇంగ లెయ్."

"మల్లా పట్టేస్తే ఏం జేతును పాపా?"

"గుండుకాడ కాళ్లు ఎడంగా పెడతావు, దగ్గరికి లాక్కుంటావు, తొడల బలంతో లేస్తావు. గంటెకాడ అయ్యన్నీ యాడికి పోయినాయి? గుండుకిచ్చిన మర్యాద గంటెకియ్యలా నువ్వు!"

మొదట నడక, తర్వాత పీట మీంచి లేచి కూర్చోవడం, ఆ తర్వాత సగం బిందె, నిండు బిందె, చెనిక్కాయల మూట. నొప్పి తిరగబెడితే నందిని బరువు తగ్గించింది గాని మంచమెక్కనివ్వలేదు. సెలవులయ్యాక ఫోన్లో చూస్తూ అరిచేది. మొగుడు బిందెలు మోసుకొస్తుంటే సుబ్బలక్ష్మమ్మ మురిసిపోయి, ఉన్న నీళ్లు పారబోసి మళ్లీ పంపేది.

ఉగాది వచ్చింది. గుడి ముందు ఇసకేస్తే రాలనంత జనం.

"ఏమప్పా గంటె బయ్యన్నా, సూసేదానికొచ్చినావా?" అన్నాడు రామప్ప.

బయ్యన్న పంచె ఎగగట్టి గుండు ముందు కాళ్లు ఎడంగా పెట్టాడు. గుండు తొడలెక్కింది, భుజమెక్కింది, వెనక దబ్బున పడింది. ఈలలతో గుడి దద్దరిల్లింది. పండక్కొచ్చిన నందినికి కళ్లలో నీళ్లొచ్చాయి.

రామప్ప వంటశాలలోంచి గంటె తెచ్చి బయ్యన్న కాళ్లముందు పడేశాడు.

"గుండు సరే అన్నా. ఇదెత్తు సూస్తాం."

జనం ముందుకు తోసుకొచ్చారు. గుండుకి పట్టని చెమట బయ్యన్నకి ఇప్పుడు పట్టింది. నిజంగా భయమేసింది. కూతురి వంక చూశాడు. నందిని తలూపింది.

బయ్యన్న కాళ్లు ఎడంగా పెట్టాడు. ఊపిరి పీల్చి, మోకాళ్లు మడిచి, గంటెని రెండు చేతులా పట్టాడు. తొడల మీదికి ఎక్కించాడు, మూలిగాడు. భుజానికెత్తి, నలువైపులా తిరిగి చూపించి, వెనక్కి విసిరాడు. సుబ్బలక్ష్మమ్మ నవ్వలేక పొట్ట పట్టుకుంది. రామప్పే పరుగెత్తుకొచ్చి బయ్యన్నని ఎత్తబోయి, మోయలేక ఇద్దరూ దుమ్ములో కూలబడి నవ్వారు.

పేరు మాత్రం పోలేదు. గంటె బయ్యన్నా అని పిలిస్తే ఇప్పుడు ఆగి, మీసం తిప్పి మరీ పలుకుతున్నాడు.